రత్నాలు చేసిన పటిక పువ్వులు

హుకుంపేటలో వరహాలరావు కొట్టు ఎక్కడని అడిగితే జనం తెల్లమొహం వేస్తారు. పటిక పువ్వులావిడ కొట్టు అనండి, మాటలు రాని పిల్ల కూడా వేలు చూపిస్తుంది. పదేళ్లుగా ఉప్పూ కిరసనాయిలూ అమ్ముతున్నది ఆయన, పేరు మాత్రం ఆవిడది. పాపం, మగవాడికి అంతకన్నా కష్టం ఏముంటుంది! అయినా ఆ పేరు రత్నాలుకి ఊరికే రాలేదు. దాని కోసం ఒకసారి నోరు చేదు చేసుకోవలసి వచ్చింది.

ఆవిడ అనకాపల్లిలో పటికబెల్లం వండే అప్పారావు కూతురు. గుండిగలో పంచదార పాకం కాచి, అడ్డంగా దారాలు కట్టి, మూతపెట్టి వదిలేసేవాడు తండ్రి. నాలుగు రోజులకి దారాలకి గడ్డలు పట్టేవి. మధ్యలో పిల్లలెవరైనా మూత తీయబోతే, "కదపకండర్రా, పట్టనీండి" అని కేకలేసేవాడు. ఆ కేకల మధ్యే పెరిగిన పిల్ల పంతొమ్మిదివందల నలభై ఎనిమిదిలో మొగుడి వెనక హుకుంపేట కొండెక్కింది. ఎక్కిన రోజు నుంచీ దిగిపోదామన్న పాటే. చలి, చలిజ్వరం, పలకరించే దిక్కు లేకపోవడం. పైగా కడుపున ఒక కాయ కాయలేదు. సంతరోజు కొండపిల్లలు కొట్టు ముందు నిలబడి, కొసరు కింద పటికబెల్లం ముక్క పుచ్చుకుని, లేళ్లలా పరుగెత్తేవాళ్లు. ఒక్కరూ గుమ్మం ఎక్కేవారు కాదు. ఎక్కవద్దని ఎవరూ అనలేదు, ఎక్కమనీ ఎవరూ అనలేదు. 

యాభైమూడు డిసెంబరులో ఒక పొద్దున్న సరళ వచ్చింది. పక్క గూడెం బుధు కూతురు, ఎనిమిదేళ్ల గుంట. వాళ్లు కిరస్తానీలు. ప్రార్థన పాకలో పాస్టరు అయ్యగారు ఇచ్చిన రంగుల కార్డొకటి గౌను కింద దాచుకుని తెచ్చి చూపించింది. దాని మీద ఆరు రెక్కల తెల్లటి పువ్వు ఉంది.

"ఇది మంచు పువ్వట సావుకారమ్మా. దొరల దేశంలో మంచులోంచి రాల్తాదట. అయ్యగారు సెప్పినారు. క్రిస్‌మస్‌కి పాకలో కడదారని రోజూ పొద్దున్నే ఎతుకుతన్నాను. ఒక్కటీ దొరకనేదు."

"ఎక్కడ వెతుకుతున్నావే?"

"మంచులోనే!"

వీధి చూస్తే అవతలి ఇల్లు కనబడనంత మంచు. ఆ మంచులో ఈ పిడికెడంత పిల్ల రోజూ పువ్వులు వెతుక్కుంటోంది! రత్నాలు నవ్వబోయి ఆగిపోయింది. అంతకు నాలుగు రోజుల ముందే, మొగుడి చిగుళ్లు వాస్తే పుక్కిలించడానికి పటిక నీళ్లు కాచి, ముంత మూలన మరిచిపోయింది. మర్నాడు చూస్తే అందులో పడిన చీపురుపుల్లకి తెల్లటి పలుకులు పట్టి ఉన్నాయి.

"దొరక్కపోతే మనమే చేసుకుందాం. రేపు బేగి రా, నీ జట్టుని కూడా తీసుకురా" అంది.

మర్నాడు సరళా, మరో ముగ్గురూ వచ్చి మామూలుగానే గుమ్మం బయట ఆగారు.

"ఏటలా నిలబడిపోయారు? నేనేటి పులినా? లోపలికి రండి!"

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చివరికి లోపలికి వచ్చారు. అయిదేళ్లలో ఆ ఇంట్లోకి పిల్లల కాళ్లు రావడం అదే మొదలు.

మూడేసి చీపురుపుల్లలు మధ్యలో కలిపి కడితే ఆరు రెక్కలు వచ్చాయి. వాటికి నూలుదారం చుట్టారు. పటిక దంచి మరిగే నీళ్లలో పోసి, ఇంక కరగనని అడుగున పలుకులు మిగిలేదాకా కలిపింది రత్నాలు. ముంతల మీద పుల్లలు అడ్డంగా పెట్టి, పువ్వుల్ని దారంతో లోపలికి వేలాడదీశారు. ఒక గుంట వేలు పెట్టబోతే, "కదపకే, పట్టనీ!" అని కసిరింది. కసిరాక అది తండ్రి గొంతని గుర్తుపట్టి తనే నవ్వుకుంది.

హుకుంపేట చలిని అయిదేళ్లు తిట్టింది కదా, ఆ చలే పని చేసిపెట్టింది. మర్నాడు పొద్దున్న మంచు విడకముందే నలుగురూ వచ్చి కూర్చున్నారు. రత్నాలు దారం పట్టుకుని మెల్లగా పైకి లాగింది. ఆరు రెక్కల నిండా పలుకులు, తళతళా మెరుస్తూ!

"ఓలమ్మో! మంచు పట్టేసింది!" అని కెవ్వుమంది సరళ.

"మంచు కాదే, పటిక" అంది రత్నాలు.

అక్కడే వచ్చింది తంటా. ఆ కొండల్లో పటికబెల్లాన్ని పూర్తి పేరు పెట్టి ఎవరూ పిలవరు. కొసరు కింద పెట్టే తియ్యటి ముక్కే వాళ్లకి పటిక. అసలు పటికని ఒరియా మాటలో ఫిట్‌కిరి అంటారు. అది మంగలివాడి రాయి. అయిదేళ్లు అక్కడే ఉండి ఆ ముక్క తెలుసుకోలేదు ఈ మహాతల్లి.

సరళ తన పువ్వుని అపురూపంగా పట్టుకెళ్లి నాయనమ్మకి ఇచ్చింది. ఆ ముసలమ్మ పేరు సోములమ్మ. ఉన్నది ఒక్క పన్ను, దానికి తీపంటే చచ్చేంత ఇష్టం. "పటిక పువ్వవ్వా" అని మనవరాలు అనగానే ఒక రెక్క పుటుక్కున కొరికేసింది. ఇంకేముంది! నోరు పిడచకట్టి, కక్కి, కడుపు పట్టుకుని పడుకుంది. మధ్యాహ్నానికల్లా గూడెమంతా ఒకటే మాట. సావుకారమ్మ మందు పెట్టింది! పిల్లల్లేని మనిషి పరాయి పిల్లల్ని ఇంట్లోకి పిలిచింది ఇందుకేనట!

మర్నాడు ఒక్కరూ రాలేదు. ఆ మర్నాడు కొట్టు ముందు నుంచి పోయే తల్లులు పిల్లల మొహాలకి కొంగు అడ్డుపెట్టారు. అది చూసి రత్నాలు లోపలికి వెళ్లి కుళ్లికుళ్లి ఏడ్చింది.

"పోనీలేవే. ఎలాగూ నీకిక్కడ పడదు. కొట్టు కట్టేసి కిందికి పోదాం" అన్నాడు వరహాలరావు.

ఆ మాట కోసం అయిదేళ్లు కాచుకుంది. తీరా వచ్చాక అది గొంతు దిగలేదు.

"పిల్లలకి మందు పెట్టిందన్న పేరుతో నేను దిగనండి" అని, పటిక గడ్డ ఒకటి కొంగున ముడేసుకుని గూడేనికి నడిచింది. షావుకారు పెళ్లాం గూడెంలో కాలు పెట్టడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు.

సోములమ్మ ఎండలో నులకమంచం మీద కూర్చుని ఉంది. "నాను సచ్చినానో నేదో సూడ్డానికొచ్చినావేటి?" అంది.

రత్నాలు నేల మీద కూర్చుని, ముడి విప్పి, గడ్డలో సగం విరిచి నోట్లో వేసుకుని కరకరా నమిలింది. మూతి వంకర్లు తిరిగింది, కళ్లమ్మట నీళ్లు కారాయి. అయినా నమిలి మింగింది. "పిల్లలకి నేనిచ్చింది ఇదే. మందైతే నాకూ ఎక్కుతాది" అంది.

ముసలమ్మ మిగిలిన ముక్క తీసుకుని వాసన చూసింది, ఎండకి ఎత్తి చూసింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగాను! ఇది ఫిట్‌కిరి కదే! మరి పటికని ఎందుకన్నావు?"

"మా వైపు దీన్నే పటికంటారు."

"మరి ఆ తియ్యటిదాన్ని?"

"పటికబెల్లం అంటాం. మీరు బెల్లం మింగేసి నన్నంటే నేనేటి చేసేది!"

సోములమ్మ ఉన్న ఒక్క పన్నూ ఊడిపోతుందా అన్నట్టు నవ్వింది. తలుపుచాటు నుంచి సరళ నవ్వింది. గుమిగూడిన ఆడవాళ్లూ నవ్వారు. ముసలమ్మ లోపలికి వెళ్లి ఆనపబుర్రలోంచి తేనె తెచ్చి, వేలికి రాసుకుని, "నోరు తెరు" అంది.

అప్పటిదాకా కొండవాళ్లింట్లో రత్నాలు మంచినీళ్లు కూడా ముట్టలేదు. తెలిస్తే అత్తవారు ఏమంటారో ఆవిడకి తెలుసు. అయినా నోరు తెరిచింది.

"ఇగో, ఇప్పుడు నానెట్టినాను మందు. ఇంక నువ్వు కొండ దిగనేవు" అంది ముసలమ్మ.

ఆ క్రిస్‌మస్‌కి ప్రార్థన పాకలో పచ్చి వెదుర్ల నిండా పటిక పువ్వులు కట్టారు. నట్టనడుమ మాత్రం అయిదు రెక్కల పువ్వే. వేరేది కడదామంటే సరళ ఒప్పుకోలేదు, "అది మా అవ్వ కొరికింది" అంది. తరవాత ఏటేటా డిసెంబరు వచ్చిందంటే రత్నాలు ఇల్లు పిల్లలతో కిటకిటలాడేది. అడుగు పెట్టే చోటు లేదని వరహాలరావు విసుక్కునేవాడు, విసుక్కుంటూనే పటిక దంచిపెట్టేవాడు.

యాభైఎనిమిదిలో అనకాపల్లి బజారులో మంచి కొట్టొకటి ఖాళీ అయిందని కబురొచ్చింది. సోములమ్మ పోయి అప్పటికి రెండేళ్లు.

"ఇప్పుడైనా పోదామా? ఒకప్పుడు ఏడ్చేదానివి కదే" అన్నాడు వరహాలరావు.

రత్నాలు చీపురుపుల్లలు కడుతూ, తలెత్తకుండానే అంది.

"ముసల్ది మందెట్టేసి పోయింది కదండీ. ఆ మందు దిగితే గాని నేను కొండ దిగలేను."