ఆగిపోయిన ఏడుపు

మా పాపకు అప్పుడు మూడో నెల. తల ఎప్పుడూ కుడి భుజం మీదికే వాలి ఉండేది. చంద్రపూర్‌లో ఫిజియోథెరపిస్ట్ నేర్పినట్టు రోజూ మెల్లగా మెడ సాగదీస్తుంటే గుక్కపట్టి ఏడ్చేది. మా అత్తమ్మ చూడలేకపోయింది.

"పసిపోరిని రోజు గిట్ల ఏడిపిస్తరా? మెడ పట్టింది, గంతే. ఒక్కసారి గుంజితే సక్కగైతది" అంటూ, కాళ్ల మీద వేసుకుని స్నానం చేయిస్తూనే తలను విసురుగా తిప్పేసింది.

పాప ఏడుపు టక్కున ఆగిపోయింది. పెదవులు నీలంగా మారాయి, ఊపిరి అందీ అందనట్టు ఆడుతోంది. మా ఊరు బల్లార్‌పూర్ నుంచి చంద్రపూర్ ఆసుపత్రికి ఆటోలో వెళ్తున్నంతసేపూ "ఏడువు బిడ్డా, ఏడువు" అని బతిమాలుతూనే ఉన్నాను. ఆసుపత్రి గుమ్మంలో కెవ్వుమంది.

ప్రాణం దక్కింది. మెడ ఇంకా వంకరే.

ఇప్పుడు వ్యాయామం చేయిస్తుంటే అత్తమ్మే పాప భుజం కదలకుండా పట్టుకుంటుంది. "ఏడువనియ్యి" అంటుంది. ఏడుపు కాస్త ఆగితే చాలు, ఇద్దరం ఉలిక్కిపడి పాప ముఖంలోకి చూస్తాం.