మూడో పేలుడు వినిపించలేదు

మేము ఏలూరు స్టేషనులో దిగేసరికి వాన వెలిసింది. పన్నెండుమంది సాపర్లం. సాపర్లంటే తుపాకి కంటే పార, పేల్చే మందు ఎక్కువ వాడే సిపాయిలు. వంతెనలు కట్టడం, అవసరమైతే కూల్చడం మా పని. అది ముప్పైల నాటి మాట. రెండో ప్రపంచ యుద్ధానికి ఇంకా కొన్నేళ్ల వ్యవధి ఉంది. అప్పటికి నేను నాయక్‌ని, సిపాయిల మీద చిన్న హోదా. వాయవ్య సరిహద్దు కొండల్లో ఒక విడత డ్యూటీ చేసి వచ్చాను. మాది గణపవరం పక్క పల్లె. ఆ నీళ్లూ ఆ మనుషులూ తెలిసినవాడు కావాలని నన్ను వేశారు.

ఆర్డరు చిన్నది. కొల్లేటి నీళ్లు సముద్రానికి పోయేది ఉప్పుటేరు మీదుగా. తుపాను వరదకి దాని మీది పాత ఇటుక వంతెన కూలి అడ్డంగా పడింది. నీళ్లు పోయే దారి లేక కొల్లేరు ఉబ్బింది. లంకల్లో జనం పాకల కప్పుల మీద ఉన్నారు. ఆ శిథిలాన్ని పేల్చి నీటికి దారి ఇవ్వాలి.

పెట్టెలు మేమే మోశాం. స్టేషను కూలీలు వాటి మీది ఎర్ర గుర్తు చూసి దూరం జరిగారు. బళ్ల మీద సరస్సు అంచుదాకా వెళ్లి, అక్కణ్ణించి పడవలెక్కాం. మందు ఒక పడవలో, దాన్ని అంటించే టోపీలు ఇంకో పడవలో. రెండూ దగ్గరికి రాకూడదని మా పై అధికారి సుబేదారుగారు ముందే చెప్పారు. ఆయనది సేలం వైపు. తెలుగు నిదానంగా, మాట మాట తూచి మాట్లాడేవారు.

మా పడవవాడు గెడ వేస్తూ పెట్టె వైపే చూస్తున్నాడు.

"ఏవండీ, ఇది దానంతటది పేలుద్దాండీ?"

"పేలదు. జాగ్రత్తగా ఉంటే."

"జాగ్రత్తంటే ఎలాగండీ?"

"రాయికి తగలనివ్వకు."

ఆ తర్వాత వాడు గెడ ఇంకా మెల్లగా వేశాడు. పడవ కింద ఏదో గీసుకుంది. తాటి మొద్దో, మునిగిన పాక వాసమో. నేను పెట్టెని రెండు చేతులా పట్టుకున్నాను. కొండల్లో తుపాకి గుండు వస్తే ఎటునుంచి వచ్చిందో చూసి బండ చాటుకి దూకేవాణ్ణి. ఇక్కడ శత్రువు నా మోకాళ్ల పక్కనే, చెక్కపెట్టెలో కూర్చున్నాడు.

గట్టు మీద గుడారాలు వేశాం. చుట్టూ కిక్కిస గడ్డి, బురద, చచ్చిన గొడ్ల కంపు. ఆరిన నేల లేదు. బూట్లలోకి జలగలు వచ్చేవి. పొద్దున లేవగానే దుప్పటి దులిపి పాములున్నాయేమో చూసుకునేవాళ్లం. తర్వాత క్వినైను బిళ్ల. ఆ తర్వాత పని.

నీళ్లకి పైనున్న ఇటుకని పనివాళ్లు తీయాలి. నీళ్లలో ఉన్నది మేం పేల్చాలి. పనివాళ్లు కొల్లేట్లో చేపలు పట్టుకు బతికే కుటుంబాల వాళ్లు. వలలూ ఇళ్లూ వరదకి పోయాయి. వాళ్లని పనికి పెట్టిన కాంట్రాక్టరు తాడేపల్లిగూడెం వర్తకుడు. మెత్తని మనిషే. కానీ సైటు మీద ఉండేది ఆయన కాదు, ఆయన మేస్త్రీ. మేస్త్రీకి ఒకటే మాట వచ్చు. "కానివ్వండ్రా!"

వంతెన కాలు ఒకటి సగం విరిగి గట్టు వైపు వాలి ఉండేది. దాని మొదట్లోంచి ఇటుకలు లాగుతున్నారు. పై నుంచి విప్పుకు రావడం సరైన పద్ధతి. మొదట్లోంచి లాగితే తొందరగా అవుతుంది. ఆ పొద్దున మేం అవతల మందు తడవకుండా డబ్బాల్లో సర్దుతున్నాం. పెద్ద చప్పుడేం కాలేదు. నీళ్లలో బస్తా పడేసినట్టు ఒక్క శబ్దం. తల తిప్పేసరికి కాలు లేదు. దాని కింద ఉన్న పెంటయ్య అనే మనిషీ లేడు.

చేతులతో తవ్వాం. మా వాళ్లూ వాళ్లూ కలిసి తవ్వాం. ముందు అతని చెయ్యి దొరికింది. ఇంకా వెచ్చగా ఉంది. అందుకని ఇంకా తొందరగా తవ్వాం. లాభం లేకపోయింది.

సుబేదారుగారు ఎవరినీ తిట్టలేదు. బురదలో గొంతుక్కూచుని పనివాళ్ల మొహాలు చూశారు.

"ఆ కాలు పగలడం ఎవరైనా ముందు చూశారా?"

ఏడుస్తున్న ఒకావిడ నోటికి అడ్డం పెట్టుకున్న చెంగు తీసింది. పేరు నాగమ్మ. పెంటయ్యకి వదిన.

"చూశామండీ. నిన్ననే నెర్ర ఇచ్చింది. అందరం చూశాం."

"మరి చెప్పలేదేం అమ్మా?"

"మొన్న ఒకాయన చెప్పాడండీ. పిరికి సన్నాసి అని తిట్టి పనిలోంచి తీసేశాడు మేస్త్రీ. ఇహ మా పెంటయ్యేం చెబుతాడు? నేనేం చెబుతాను?"

మేస్త్రీ ఏదో అనబోయాడు. సుబేదారుగారు చెయ్యెత్తారు. మేస్త్రీ ఆగాడు.

ఆ రోజు పని ఆపేశాం. కాలవల ఇంజనీరు పడవ మీద వచ్చి మండిపడ్డారు. ఆయన కోపం కూడా తప్పు కాదు. పైన లంకల్లో పసిపిల్లలు ఎండకీ వానకీ కప్పుల మీద ఉన్నారు. ఆయన రోజూ చూసి వస్తున్నారు.

"నీళ్లు పెరుగుతున్నాయి సుబేదార్. ఒక్కడి కోసం ఊళ్లు ముంచుతారా?"

"ఇలాగే చేస్తే రేపు ఇంకొకడు పోతాడండీ. ఎల్లుండి నా మందు దగ్గర ఒకడు తడబడతాడు. అప్పుడు మనుషులూ ఉండరు, పనీ ఉండదు. ఈ ఒక్కరోజు నాకివ్వండి."

సాయంత్రానికి కాంట్రాక్టరు వచ్చాడు. పెంటయ్య శవం ముందు చాలాసేపు నిలబడ్డాడు. మేస్త్రీని బియ్యం బస్తాల కాపలాకి పంపించేశాడు. "ఇక్కడ ఇక మీ మాటే అండీ," అని సుబేదారుగారితో చెప్పి, కళ్లు తుడుచుకుని వెళ్లాడు.

మర్నాడు పొద్దున సుబేదారుగారు అందరినీ గట్టు మీద కూర్చోబెట్టారు. సిపాయిలు, పనివాళ్లు, ఆడవాళ్లు, అందరూ ఒకే వరస. ఆయనకి మాట అందని చోట నేను అందించాను.

"నిన్న నాకు భయం వేసింది," అన్నారు మొదటగా. "టోపీల పెట్టె తడి నేల మీద పెట్టారు. ఇప్పుడు మీరు చెప్పండి. నిన్న ఎవరికి దేన్ని చూసి భయం వేసింది?"

మా వాళ్లలో ఒకడు నవ్వబోయి మానేశాడు. సుబేదారు భయం అనే మాట పలకడం మేమెవరం వినలేదు. చివరికి ఒక ముసలాయన, నడిచే చెక్క పలక మీద కాలు జారుతోందండీ అన్నాడు. వెంటనే ఇసక పోయించారు. అప్పుడు ఇంకొకరు, తాడు నలిగిందన్నారు. మార్చేశాం. అలా రోజూ పని మొదలెట్టే ముందు భయాలు చెప్పుకునేవాళ్లం.

ఇంకో నియమం పెట్టారు. ఎవరికి అనుమానం వచ్చినా చెయ్యెత్తి "ఆపండి" అని అరవాలి. అరుపు వినగానే అందరూ గట్టెక్కాలి. ఎందుకని అడగడం గట్టెక్కాకే.

మొదటి అరుపు ఆ ముసలాయనదే. మేం మెడలోతు నీళ్లలో మందు డబ్బా బిగిస్తున్నాం. "ఆపండీ!" అని కేక. పడుతూ లేస్తూ పరిగెత్తాం. ఒత్తులు అంటించే ఫ్యూజు సిపాయి మోకాలు చీరుకుపోయింది. తీరా చూస్తే నీటికుక్క. శిథిలంలోంచి తల బయటపెట్టి మమ్మల్ని చూసి మళ్లీ మునిగింది. ఇంజనీరుగారు నెత్తి కొట్టుకున్నారు. ముసలాయన పార కింద పెట్టేశాడు. తీసేస్తారనుకున్నాడు పాపం.

సుబేదారుగారు దగ్గరికి వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"బాగా అరిచారు పెద్దాయనా. మళ్లీ అనుమానం వస్తే మళ్లీ అలాగే అరవండి."

ఫ్యూజు సిపాయి నా చెవిలో గొణిగాడు. "నీటికుక్క కోసం నా మోకాలు పోయింది." నాకూ లోపల విసుగ్గానే ఉంది.

పెద్ద పేలుడు రోజు వచ్చింది. నీళ్ల అడుగున మూడు చోట్ల మందు దించాం. ఒక్కోదాని ఒత్తి వెదురు గొట్టంలోంచి పైకి తెచ్చాం. ఒత్తులు పొట్టి, మధ్యస్తం, పొడుగు. పేలుళ్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తే లెక్క తెలుస్తుంది. జనాన్ని గట్టు వెనక్కి పంపాం. పడవలు రాకుండా రెండు వైపులా ఎర్రగుడ్డతో కాపలా పెట్టాం. అవతలి గట్టు మీద కాపలా నాగమ్మ. తనే అడిగి తీసుకుంది.

ఈల వేశారు. ఒత్తులు అంటించి పరిగెత్తాం.

ఒకటి. నేల అదిరింది. బురద వాన పడింది.

రెండు.

చెవులు మూసుకుని కూచున్నాం. మూడోది రాలేదు.

పేలని మందు కంటే భయపెట్టేది లోకంలో లేదు. అది చచ్చిందో నిద్రపోతోందో తెలియదు. చూడాలంటే దగ్గరికి వెళ్లాలి. నియమం ప్రకారం అరగంట ఆగాలి. సుబేదారుగారు గంట ఆపారు. ఉత్తరాన మబ్బు నల్లగా దిగుతోంది. తమ్మిలేరు మళ్లీ పొంగిందని ఏలూరు నుంచి కబురు వచ్చింది. ఆ నీళ్లూ కొల్లేట్లోకే రావాలి. ఇంజనీరుగారు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నారు. 

గంట గడిచింది. వెళ్లాల్సిన వంతు నాది. పేలని దాని పక్కన ఇంకో మందు పెట్టి రెండూ కలిపి పేల్చాలి. నడుముకి తాడు కట్టారు. రెండో కొస సుబేదారుగారు తన చేతికే చుట్టుకున్నారు.

"నిదానంగా వెళ్లు. భయంగా ఉందా?"

"ఉంది సార్."

"మంచిది. దాన్ని వెంటబెట్టుకు వెళ్లు."

నీళ్లలోకి దిగాను. నడుంలోతు. గుండెలోతు. డబ్బా తల మీద పట్టుకున్నాను. దవడలు టకటక కొట్టుకుంటున్నాయి. చలి లేదు. కాలి కింద ప్రతి ఇటుకా తడిమి తడిమి వేశాను. మా అమ్మ మొహం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. వెదురు గొట్టం నాలుగు బారల దూరంలో ఉంది. పేలుళ్లకి వంగి, మూతి అవతలి గట్టు వైపు తిరిగి ఉంది. నా వైపునుంచి చూస్తే వట్టి వెదురు. మూడు బారలు.

"ఆపండీ! ఆపండీ!"

ఆడగొంతు. అవతలి గట్టు నుంచి.

తల తిప్పాను. తాడు నడుములోకి కోసుకుపోయింది. డబ్బా చేతిలోంచి పోయింది. నీళ్లు ముక్కులోకి వచ్చాయి. వీపు మీద ఇటుకలు గీసుకుంటున్నాయి. ఎవరో నా జబ్బ పట్టి గట్టు అవతలికి విసిరారు. "ఏంటది? ఏం చూసింది?" అని ఇంజనీరుగారు లేవబోయారు. సుబేదారుగారు ఆయన మెడ పట్టి బురదలోకి వంచారు.

మూడోది పేలింది.

ఒత్తి తడిసి ఎక్కడో లోపల మెల్లగా రాజుకుంటూ ఉండిపోయింది. గొట్టం మూతిలోంచి బీడీ పొగంత సన్నగా వచ్చింది. మూతి తిరిగింది నాగమ్మ వైపు కాబట్టి ఆమెకి కనిపించింది. మాలో ఎవరికీ కనిపించే వీలు లేదు.

చాలాసేపు చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. అది హోరు కాదు, నీళ్లు. శిథిలం మధ్యలో సందు పడింది. కొల్లేరు కదిలింది. పనివాళ్లు గట్టు మీద చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. ఇంజనీరుగారు టోపీ తీసి నా పక్కన కూర్చున్నారు. 

నాగమ్మని పడవ మీద ఇవతలికి తెచ్చారు. పేలుడు కెరటానికి గట్టు మీద పడి ఒళ్లంతా తడిసింది, దెబ్బలు మాత్రం లేవు. ఎర్రగుడ్డ ఇంకా పిడికిట్లోనే ఉంది. సుబేదారుగారికి దణ్ణం పెట్టబోతే ఆయనే ముందు పెట్టారు.

"పొగో మంచో తెలీలేదండీ," అంది. "నీటికుక్కప్పుడు ఆ తాతని ఏమీ అనలేదు కదా అని అరిచేశాను. పొగ కాకపోతే ఏం చేసేవారండీ?"

"ఇదే దణ్ణం పెట్టేవాణ్ణి అమ్మా."

మళ్లీ చిన్న చిన్న పేలుళ్లు చేసి దారి వెడల్పు చేశాం. నీళ్లు తగ్గాయి. జనం కప్పుల మీంచి దిగారు. పెంటయ్య తర్వాత అక్కడ ఇంకెవరూ పోలేదు. మా డ్యూటీ ముగిసింది.

వెనక్కి వెళ్లేముందు నాకు నాలుగు రోజులు సెలవిచ్చారు. ఇంటికెళ్లాను. అమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఈసారి యుద్ధం కాదుగా నాయనా. భయమేం లేదుగా?" లేదమ్మా అన్నాను. ఇప్పుడు, ఇన్నేళ్లకి, మీరు భయం గురించి అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను.

తర్వాత పెద్ద యుద్ధం చూశాను. బర్మా దారిలో చాలా చూశాను. అవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇది మాత్రం విడిగా ఉంది. తాడు లాగే ముందు ఒక్క క్షణం నేను తల తిప్పి చూశాను. నాగమ్మ గట్టు మీద లేదు. పారిపోవలసిన మనిషి నీళ్లలోకి దిగింది. మోకాళ్లు దాటి, చీర తేలిపోతూ, ఆ గొట్టం వైపే, నా వైపే పరిగెత్తుకొస్తోంది. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. నోరు తెరిచి ఉంది.