రేటింగుల మురళీమోహన్

పటాన్‌చెరు బస్టాండు వెనక, టైర్ల కొట్టు పైన ఒక ఇరుకు గది. దాని గుమ్మం మీద 'మురళీమోహన్, బీమా సలహాదారు' అని బోర్డు. ఆ మధ్య ప్రాణబంధు అనే బీమా కంపెనీ తరఫున ఒకతను కొత్త సంవత్సరం క్యాలెండరు ఇవ్వడానికి మెట్లెక్కాడు. అతను కింద మెట్టు చేరేలోపే క్యాలెండరు అతన్ని దాటుకుని రోడ్డు మీద పడింది. కంపెనీలంటే మురళీమోహన్‌కి అంత మంట.

ఆ మంటకి కారణం ఉంది. వాళ్ళ నాన్న కామేశ్వరరావు తణుకు నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీకి ఫిట్టరుగా వచ్చి, రిటైరై, గుండె జబ్బుతో ఆస్పత్రిలో పడ్డాడు. అప్పటికి మురళీమోహన్ ఒక రంగుల కంపెనీలో గుమాస్తా. బీమా వాళ్ళు రెండు రోజులు నాన్చి, మూడో రోజు కుదరదన్నారు. ముసలాయన ఆ మాట వినకుండానే పోయాడు. ఆ ఏడే రంగుల కంపెనీ మూతపడింది. మురళీమోహన్ పంతం పట్టి పరీక్ష రాసి ఏజెంటయ్యాడు. ఒక బ్రోకరు సంస్థలో చేరాడు కాబట్టి ఏ కంపెనీ పాలసీ అయినా అమ్ముకునే వీలుంది. ఏది అమ్మాలో తేల్చుకోవడానికి ఒక పొడుగాటి నోటుపుస్తకం పెట్టాడు. కంపెనీకి ఒక పేజీ.

అచ్చులో వచ్చే రేటింగులు అతను నమ్మడు. "నూటికి తొంభై ఎనిమిది క్లెయిములు ఇచ్చారట! ఏ తొంభై ఎనిమిదండీ? జ్వరాలూ విరేచనాలూనా? గుండెకి కోత పడ్డవాడు ఆ మిగిలిన ఇద్దరిలో ఉన్నాడేమో చూశారా?" అని ఎదుటివాణ్ణి నిలదీస్తాడు. తను మాత్రం ఆస్పత్రుల బీమా కౌంటర్ల దగ్గర కాపు కాస్తాడు. డిశ్చార్జి కాగితం రాశాక అనుమతి రావడానికి ఎన్ని గంటలు పట్టింది, ఎన్నిసార్లు కొత్త కాగితం అడిగారు, ఫోనెత్తిన మనిషి పేరు చెప్పాడా లేదా, అన్నీ రాసుకుంటాడు. పాలసీలో చేరేముందే రక్తం తీసి, బీపీ చూసి, సవాలక్ష ప్రశ్నలడిగే స్థిరధార కంపెనీకి అతని పుస్తకంలో పై స్థానం. ఏ పరీక్షా లేకుండా అరగంటలో పాలసీ చేతిలో పెట్టే ప్రాణబంధుది అట్టడుగు. వాళ్ళకీ పరీక్షలున్నాయి, కాకపోతే మనిషి ఆస్పత్రిలో పడ్డాక పెడతారు, అంటాడు. ఇందులో ఒక్క అక్షరం తప్పు లేదు. పుస్తకం మంచిదే. దాన్ని రాసిన మనిషి సంగతే చెప్పబోతున్నాను.

జిన్నారం దగ్గర మందుల ఫ్యాక్టరీలో పనిచేసే అంజయ్యకి మెదడులో నరం చిట్లింది. ఆపరేషను చేసి బతికించారు గానీ, బీమా కంపెనీ చేతులెత్తేసింది. ఎనిమిదేళ్ళుగా బీపీ ఉన్న సంగతి దాచి పాలసీ తీసుకున్నాడు కాబట్టి క్లెయిము లేదు, పాలసీ కూడా రద్దు అని ఉత్తరం వచ్చింది. ఆ కంపెనీ ప్రాణబంధు. ఆ పాలసీ ఇప్పించింది మురళీమోహన్. పాలసీకి ఇంకా ఏడాది కూడా నిండలేదు.

అంజయ్య భార్య ఇందిరమ్మ ఆ ఉత్తరం పట్టుకుని మెట్లెక్కింది. కొండాపూర్ దగ్గర వాళ్ళకి ఎకరం పొలం మిగిలింది. ప్లాట్లు చేసేవాడు అప్పుడే రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. క్లెయిము రాకపోతే ఆ ఎకరం పోతుంది.

ఉత్తరం చదివి మురళీమోహన్ చిందులు తొక్కాడు. "దొంగవెధవలు! పదమ్మా, ఇవాళ వాళ్ళ సంగతి తేల్చేస్తాను" అని పుస్తకం చంకన పెట్టుకుని, ఆమెని సంగారెడ్డి బస్సెక్కించాడు. దారి పొడుగునా ప్రాణబంధు పాపాలన్నీ ఏకరువు పెట్టాడు. ఇందిరమ్మ అన్నీ విని, పోతిరెడ్డిపల్లి చౌరస్తా దగ్గర నోరు విప్పింది.

"సార్, నీ పుస్తకంల గీ కంపెనీ అన్నిటికంటె కిందున్నదంటున్నవ్. మరి మాకు గిదే ఎందుకిచ్చినవ్?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అని మురళీమోహన్ కిటికీలోంచి బయటికి చూశాడు.

ప్రాణబంధు ఆఫీసులో పదిమంది దాకా ఖాతాదారులు కూర్చుని ఉన్నారు. గోడ నిండా రేటింగు చుక్కలు, అయిదుకి అయిదు. మేనేజరు హరినాథ్ ఇస్త్రీ మడత నలగని మనిషి. మురళీమోహన్ కూర్చోమన్నా కూర్చోలేదు. పుస్తకం బల్ల మీద ధడేల్మని పడేసి, ఏ ఆస్పత్రిలో ఎవరిని ఎన్ని గంటలు ఏడిపించారో తేదీలతో సహా చదివాడు. "చుక్కలు గోడకి అంటించుకోవడం కాదయ్యా, సిగ్గుండాలి. శవాల మీద చిల్లర ఏరుకునే కంపెనీ మీది" అన్నాడు. కూర్చున్నవాళ్ళలో ఇద్దరు లేచి తలుపు దాకా వెళ్ళారు.

హరినాథ్ మొహం ఎర్రబడింది. కంప్యూటరు తెర ఇటు తిప్పి, "పాలసీ ఇచ్చే ముందు మేము ఫోన్ చేసి అడుగుతాం. వినండి. అందరూ వినండి" అని ఒక మీట నొక్కాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల మోత. ఒక అమ్మాయి గొంతు, మీకు బీపీ గానీ షుగరు గానీ ఉన్నాయా సార్ అని అడిగింది. అంజయ్య "ఆఁ..." అంటూ ఆగాడు. అంతలో పక్క నుంచి ఇంకో గొంతు, అడ్డంగా, తొందరగా: "లేదు అను. అన్నిటికీ లేదు అను." అంజయ్య "లేదు మేడమ్" అన్నాడు. గుండె జబ్బు? లేదు మేడమ్. రోజూ వేసుకునే మందులు? లేదు మేడమ్.

చాలా రోజులుగా మాట పడిపోయి పడుకున్న మొగుడి గొంతు విని ఇందిరమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసేసింది.

"గా పక్కన మాట్లాడింది నువ్వే గద."

మురళీమోహన్ బల్ల మీది పుస్తకం మూశాడు.

"బీపీ గోళీలు రోజు ఏస్కుంటడని నేను చెప్పిన్నా, లేదా?"

"చెప్పావమ్మా."

"గప్పుడు ఏమన్నవ్?"

"బీపీ ఒక రోగమా, అందరికీ ఉండేదేగా అన్నాను."

అవును, అన్నాడు. స్థిరధారకి పంపితే పరీక్షలో బీపీ బయటపడేది. కొంచెం ఎక్కువ ప్రీమియం వేసి ఇచ్చేవాళ్ళేమో, లేదా నెల ఆగమనేవాళ్ళు. అంజయ్య షిఫ్టులో ఇంకో పన్నెండుమంది అతని పాలసీ వస్తే మేమూ చేరతామని గేటు దగ్గర కాచుకున్నారు. నెల ఆగితే వాళ్ళని అమీన్‌పూర్ ఏజెంటు తన్నుకుపోతాడు. అందుకని ఇంత తెలిసిన పెద్దమనిషి తన పుస్తకంలో అట్టడుగున ఉన్న కంపెనీని వెతికి తీసి, తన ఫోన్‌లో దరఖాస్తు ప్రశ్నలన్నిటికీ తనే 'లేదు' నొక్కి, అంజయ్య చేత ఓటీపీ చెప్పించుకున్నాడు. ఏజెంట్లందరూ చేసే పనే అని అప్పుడు అనుకున్నాడు. ఇప్పుడూ అదే అనుకోబోయాడు గానీ, ఆమె కళ్ళెదుట అది కుదరలేదు.

హరినాథ్‌కి ఆవేశం దిగాక తను చేసిన పని తెలిసొచ్చింది. పాలసీ అమ్మిన ఏజెంటుకి తెలిసే ఇలా జరిగిందంటే, రేపు ఫిర్యాదు విచారణలో కంపెనీ ఇరుక్కుంటుంది. గొంతు తగ్గించి ఒక తెల్ల కాగితం జరిపాడు.

"మురళీగారూ, అంజయ్యే మీ దగ్గర దాచాడని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. ఆ పక్క గొంతు ఎవరిదో మేము అడగం. మీ ఏజెంటు కోడు మీకుంటుంది."

"రాసియ్యి సార్" అంది ఇందిరమ్మ. "బతికున్న మనిషి మీద, మాట రాని మనిషి మీద రాసియ్యి. మల్ల ఆస్పత్రికి పోయి ఆయన ముంగట సదువుదాం."

మురళీమోహన్ ఆ కాగితం పక్కకి తోసేశాడు. తన పుస్తకంలోంచే ఒక పేజీ చింపాడు. బీపీ ఉందని అంజయ్య భార్య నాతో ముందే చెప్పింది, జవాబులన్నీ నింపింది నేను, ఫోన్‌లో లేదని చెప్పించింది కూడా నేనే, అంజయ్య ఏమీ దాచలేదు అని రాశాడు. "ఇది బయటికెళ్తే మిమ్మల్ని ఏ కంపెనీ గడప తొక్కనివ్వదు" అన్నాడు హరినాథ్. "తెలుసు, నోర్ముయ్యి" అని సంతకం చేశాడు.

ఇందిరమ్మ కాగితం తీసుకుని పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివింది. మళ్ళీ అతని ముందే పెట్టింది.

"ఫోన్ నంబర్ ఎయ్యి. ఇంటి అడ్రస్ గూడ ఎయ్యి. రేపు అడిగెటోళ్ళకు నువ్వు దొరకాలె."

వేశాడు. ఆమె దాన్ని మడిచి జాకెట్లో దోపుకుని బయటికి నడిచింది. థ్యాంక్స్ లేదు, తిట్టు లేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

తిరుగు బస్సులో ఇందిరమ్మకి కిటికీ పక్క సీటు దొరికింది. దాని పక్కది ఖాళీ. మురళీమోహన్ దగ్గరికి వచ్చేసరికి ఆమె తన సంచీ తీసి ఆ సీటులో పెట్టింది. అతను పుస్తకం చంకన పెట్టుకుని, కడ్డీ పట్టుకుని పటాన్‌చెరు దాకా నిలబడే వచ్చాడు.