షాహీనకు చేరనివ్వని కబురు

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం నన్ను మీ ముందు నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం. నా పేరు కరుణ, మన రేపల్లెలో టీచరుగా చేసిన దయానందం గారి అమ్మాయినని మీలో చాలామందికి తెలుసు. రెండేళ్ళ కిందట ఇదే చోట నిలబడి, దేవుడు నాకు ఫ్రాన్సులో చదువుకునే సీటు ఇచ్చాడని సాక్ష్యం చెప్పాను. మీరందరూ చప్పట్లు కొట్టారు, అమ్మ వయసు వాళ్ళు నన్ను దగ్గరకు తీసుకుని ఏడ్చారు, పాస్టరు గారు నా తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. ఆ తరువాత నేను వెళ్ళలేదు, ఒంట్లో బాగోలేక మానుకున్నానని మీరనుకున్నారు, నేనూ అలాగే అనుకోనిచ్చాను. ఆ సీటు దేవుడు ఇచ్చింది కాదండి! నేను దొంగిలించింది. ఆ చీకటి రోజుల సంగతే ఈ వేళ చెప్పుకుంటాను, దయచేసి వినండి.

నేను అప్పుడు బాపట్లలో ఎంబీఏ చదువుతున్నాను. మా కాలేజీకి ఫ్రాన్సులో ఒక బిజినెస్ స్కూలుతో ఒప్పందం ఉండేది. రెండో ఏడాదిలో ఒక్కరిని అక్కడికి పంపిస్తారు, ఒక సెమిస్టరు అక్కడే చదవాలి, ఆ మార్కులు ఇక్కడ కలుపుతారు, అక్కడ ఫీజు ఉండదు. ఆ ఏడాది ఇద్దరం మిగిలాం. ఒకరు నేను, ఇంకొకరు నా హాస్టల్ గదిలోనే ఉండే షాహీన. వాళ్ళది తెనాలి, నాన్న టైలరు. ఆమె నాకంటే బాగా చదివేది, ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడేది, ఇంటర్వ్యూ జరిగితే సీటు ఆమెదేనని నాకు తెలుసు, క్లాసులో అందరికీ తెలుసు.

ఇంటర్వ్యూకి ఇంకా వారం ఉందనగా, వాళ్ళ నానమ్మకు కంటి ఆపరేషనని షాహీన తెనాలి వెళ్ళింది. అక్కడ తన ఫోను పాడైతే రిపేరుకిచ్చింది. ఆ మర్నాడు మధ్యాహ్నం, విదేశీ చదువుల పని చూసే సారు నాకు ఫోన్ చేశారు.

"అమ్మా కరుణా, వాళ్ళు ఇంటర్వ్యూ ముందుకు జరిపారు, రేపు పదకొండింటికే. ఆన్‌లైన్‌లో కాబట్టి ఎక్కడినుంచైనా కూర్చోవచ్చు. షాహీనకి ఫోన్ ఎంతకీ కలవట్లేదు. నీ దగ్గర వాళ్ళింట్లో ఎవరి నంబరైనా ఉందా?"

"వాళ్ళ నాన్నగారిది ఉందండి సార్. నేను చెప్తానండి" అన్నాను.

నంబరు నా ఫోన్‌లోనే ఉంది, తెరిచి చూశాను కూడా. సాయంత్రం చేద్దాంలే అనుకున్నాను, సాయంత్రం టిఫిన్ చేశాక అనుకున్నాను, తెల్లారింది, పదకొండయింది, నేను ఒక్కదాన్నే ఇంటర్వ్యూకి కూర్చున్నాను. అయ్యో, ఎంత తేలిక అనుకున్నారు! ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊరకే ఉంటే చాలు, మనిషి జీవితం పాడైపోతుంది.

సారు అడిగితే, "వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి చెప్పానండి" అన్నాను. షాహీన నాలుగు రోజులకు తిరిగొచ్చి, మొహం పాలిపోయి నా ముందు నిలబడి అడిగితే, ఆమెకూ అదే చెప్పాను. "మీ నాన్నకి చెప్పాను కదే, ఆయన నీకు చెప్పలేదా?" అన్నాను. ఆడపిల్లను అంత దూరం పంపడం వాళ్ళ నాన్నకు మొదటినుంచీ ఇష్టం లేదు, ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే ఆ మాట అన్నాను. ఆయన తనకు ఏ ఫోనూ రాలేదన్నాడు. ఆయనది చిన్న ఫోను, అందులో పాత కాల్స్ నిలవవు. షాహీన నన్ను నమ్మింది, కన్నతండ్రిని నమ్మలేదు.

సీటు నాకొచ్చింది. ఇక్కడ సాక్ష్యం చెప్పాను. అబద్ధాన్ని దేవుడి పేరుతో చుట్టి మీ చేతికిచ్చాను. ఆ వారం నుంచే నాకు అన్నం సహించడం మానేసింది. ముద్ద నోట్లో పెడితే వాంతి, చేతులు వణుకు, తల దువ్వుకుంటే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది. తెనాలిలో పెద్ద డాక్టరుకు చూపిస్తే పరీక్షలన్నీ చేసి, జబ్బేమీ లేదు, దూరదేశం వెళ్తున్నానని బెంగ పెట్టుకుందన్నారు. అమ్మ ఉపవాసాలుండి నా మంచం పక్కన మోకాళ్ళ మీద ప్రార్థించేది. "తండ్రీ, నా బిడ్డకి ఏ కష్టం వచ్చిందో నాకు తెలీదు, నీకు తెలుసు, నువ్వే దాని నోట చెప్పించు" అనేది. నేను గోడవైపు తిరిగి, నిద్రపోతున్నట్టు పడుకునేదాన్ని. ప్రభు భోజనం రోజున, ఆ రొట్టె అందుకునే ధైర్యం లేక, జ్వరమని చెప్పి గుడికి రావడం మానేశాను. హైదరాబాదు వెళ్ళి వీసాకు వేలిముద్రలు వేస్తుంటే నా వేళ్ళు చెమటకు జారిపోయాయి, అక్కడి అమ్మాయి రెండుసార్లు తుడుచుకోమంది.

షాహీన నానమ్మకు తోడుగా ఉండాలని హాస్టల్ ఖాళీ చేసి రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చిపోయేది. క్లాసులో చివరి బల్ల మీద ఒక్కతే కూర్చునేది. చెప్పినా రాలేదని సారు ఆమె మీద నమ్మకం వదులుకున్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఆమె నా దగ్గరకు వచ్చి ఒక నోటు పుస్తకం చేతిలో పెట్టింది. ఫ్రాన్సులో ఏ పేపరు తీసుకుంటే ఇక్కడి ఏ సబ్జెక్టుకు సరిపోతుంది, ఏది తీసుకుంటే మార్కులు కలవవు, అన్నీ నెలల తరబడి వెతికి రాసుకుంది.

"నాకింక అక్కర్లేదు కదే, నీకైనా పనికొస్తుంది. సన్నగా అయిపోయావేంటి, అక్కడ చలికి తట్టుకోవాలి, బాగా తిను" అంది. వెళ్ళబోతూ ఆగి, "మా నాన్నతో మాట్లాడి రెండు నెలలైంది. అన్నీ క్షమిస్తాను గానీ, ఇష్టం లేదని మొహం మీద చెప్పకుండా కబురు దాచాడు చూడు, అది క్షమించలేను" అంది.

సహోదరులారా, ఆ పుస్తకం తెరవలేకపోయాను. ఆ సాయంత్రం రేపల్లె వచ్చి, ఎవరూ లేని ఈ గుడిలో, ఆ చివర కూర్చుని, నెలల తరువాత నోరు తెరిచి ప్రార్థించాను. "ప్రభువా, నన్ను బాగుచెయ్యమని అడగను, ఆ సీటు ఉంచమని అడగను. నేను దొంగని. ఆ మాట వాళ్ళ ముందు చెప్పే బలం ఒక్కటి ఇవ్వు, చాలు!" ఏ వెలుగూ రాలేదు, ఏ స్వరమూ వినిపించలేదు. కానీ లేచి ఇంటికి వెళ్ళి అమ్మానాన్నలకు చెప్పగలిగాను. నాన్న, "పొద్దున్నే తెనాలి వెళ్దాం, నేనూ వస్తాను" అన్నారు.

వాళ్ళ కొట్టు ముందే నిలబడి చెప్పాను. వాళ్ళ నాన్న కుట్టుమిషను ఆపారు. షాహీన లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఫోన్ చెయ్యలేదని, అబద్ధం చెప్పానని, సీటు వదిలేస్తున్నానని, ఏడుస్తూ మొత్తం చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. "రెండు నెలలు మా అమ్మాయి నేనిచ్చిన టీ కూడా తాగలేదమ్మా" అన్నారు, అంతే. షాహీన నా వైపు చూడలేదు, వచ్చి ఆయన పక్కన కింద కూర్చుని, ఆయన మోకాలి మీద తల పెట్టుకుంది. కాసేపటికి, "నువ్వింక వెళ్ళు" అంది నాతో.

అక్కడినుంచి బాపట్ల వెళ్ళి సారుకు చెప్పాను. ఆయన క్లాసు అందరి ముందు షాహీనను క్షమాపణ అడిగారు. కానీ ఫ్రాన్సు స్కూలుకు పేరు మార్చి పంపే గడువు దాటిపోయింది. ఎన్ని ఈమెయిళ్ళు రాసినా ఒప్పుకోలేదు. ఆ ఏడాది మా కాలేజీ నుంచి ఎవరూ వెళ్ళలేదు, ఆ సీటు ఖాళీగా పోయింది. నేను పశ్చాత్తాపపడితే పోయినవన్నీ తిరిగొచ్చాయని మీకు చెప్పలేను, అది మళ్ళీ అబద్ధమవుతుంది. చదువు అయ్యేవరకు షాహీన నాతో మాట్లాడలేదు. నాతో కలిసి తినేవాళ్ళు కూడా తప్పుకున్నారు.

కానీ దేవునికే మహిమ! తెనాలి వెళ్ళొచ్చిన రోజున అమ్మ పెరుగన్నం కలిపి పెడితే, పళ్ళెం ఖాళీ అయ్యేవరకు తిన్నాను, కడుపులో నిలిచింది. మందు లేదు, మాత్ర లేదు, వారంలో చేతుల వణుకు పోయింది. మరుసటి నెల ప్రభు భోజనానికి ముందుకొచ్చి చేతులు చాపాను. నన్ను విడిపించింది నా ధైర్యం కాదండి, నాకు అంత లేదు. పట్టుకుని లేపింది ఆయనే!

ఇప్పుడు నేను అమృతలూరులో ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తున్నాను. పోయిన నెల షాహీన ఫోన్ చేసింది. గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ, విదేశంలో మేనేజ్‌మెంట్ కోర్సుకు తనంతట తానే అప్లై చేస్తోందట. "వ్యాసం రాశాను, చదివి తప్పులుంటే చెప్పు" అంది. రెండుసార్లు చదివి పంపాను. ఇంటర్వ్యూ ఎప్పుడో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అంతవరకే నమ్మింది, అంతైనా నమ్మింది, దానికే నేను ప్రభువుకు స్తోత్రం చెల్లిస్తున్నాను.

ఇక్కడ కూర్చున్న యౌవనస్థులారా, మీలో పై చదువులకు అప్లై చేసేవాళ్ళున్నారు. చెయ్యండి, అడగండి, దేవుడు గొప్ప తలుపులు తెరుస్తాడు. కానీ ఇంకొకరి ముందు తలుపు మూసి లోపలికి వెళ్ళి, ఆయన తీశాడని చెప్పకండి. ఎవరికైనా చెప్పాల్సిన నిజం మీ గుండెలో ఉంటే, అది మిమ్మల్ని తినేసేదాకా ఆగకండి, ఆయన్ను నమ్మి ఈరోజే వెళ్ళి చెప్పండి, ఆయన మిమ్మల్ని ఒంటరిగా పంపడు. మీ కుటుంబ ప్రార్థనల్లో నన్ను తలచుకోవాలనిపిస్తే, ముందు షాహీన పేరు చెప్పండి, ఆ తరువాత నాది. ఆమెన్.