గాజులు మోగే బండి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. రెండు వారాల ట్రైనింగు, జేబు మీద పేరు కుట్టిన నీలం చొక్కా, చేతిలో క్లిప్పు అట్ట. ఈ మూడూ దక్కిన మనిషికి లోకంలో ఇంకా నేర్చుకోవాల్సింది ఏముంటుంది? తెనాలిలో పికప్ బండ్లు అమ్మి, వాటికే సర్వీసు చేసే ఒక షోరూములో సర్వీస్ అడ్వైజరుగా చేరాను. డిప్లొమా చదివిన ఆడపిల్లని ఆ ఉద్యోగంలోకి తీసుకోవడం వాళ్ళకీ అదే మొదటిసారి. కొల్లిపర దగ్గర బడిలో టీచరుగా చేసే మా అమ్మ, ఆ ఆదివారమే చర్చిలో స్త్రీల సమాజం అంతటికీ "మా అమ్మాయి బండ్లకి డాక్టరు" అని చాటేసింది. (ఆరు నెలలు పని చూశాకే ఉద్యోగం ఖాయం చేస్తారన్న సంగతి మాత్రం చాటలేదు. చెప్పొద్దని నేనే బతిమాలుకున్నాను.)

నా పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది డెలివరీ ప్రసంగం. కొత్త బండి తాళాలు చేతికిచ్చే ముందు దాన్ని ఎలా చూసుకోవాలో కొన్నవాళ్ళకి చెప్పాలి. నిమ్మకాయలు తొక్కించేవాళ్ళు నిమ్మకాయలు తొక్కించేవారు, పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చినవాళ్ళు ప్రార్థన చేయించేవారు. అవి అయ్యాక నేను అందుకునేదాన్ని. నిమ్మకాయల దగ్గరా ప్రార్థన దగ్గరా భక్తిగా నిలబడ్డ జనం, నా దగ్గరికి వచ్చేసరికి ఫోన్లు తీసి ఫొటోలు దిగేవారు. అయినా నేను తగ్గేదాన్ని కాదు. ఇంజిన్ ఆయిల్ నుంచి వైపరు రబ్బరు దాకా ఒక్కటీ వదలకుండా అప్పజెప్పేదాన్ని.

నా ప్రసంగాన్ని చేతులు కట్టుకుని ఆసాంతం విన్న మనిషి ఒక్కడే. ఆయన్ని మేమంతా సరంగు బాబాయి అనేవాళ్ళం. చుట్టమేమీ కాదు. నిజాంపట్నం హార్బరులో సొంత మరబోటు నడిపే మనిషి, బోటు నడిపేవాణ్ణి అక్కడ సరంగు అంటారు. వయసు మీద పడుతోంది, ఇక సముద్రం మీదికి పోవడం తగ్గించుకుందామని, హార్బరు నుంచి రేపల్లె, బాపట్ల, తెనాలి మార్కెట్లకి చేపలు తోలడానికి మా దగ్గర పికప్ కొన్నాడు. తాళాలు తీసుకోవడానికి పిన్నిగారితో, అంటే వాళ్ళావిడతో, కలిసి వచ్చాడు. అంత శ్రద్ధగా వినే మనిషి దొరికేసరికి నాకు పూనకం వచ్చినట్టయింది. "మీది సముద్రం పక్క బాబాయ్ గారూ. ఉప్పు గాలి ఇనుముకి శత్రువు. బండి అడుగున బురద గానీ, ఉప్పు గానీ, ఏది అంటుకున్నా ఉంచకూడదు" అన్నాను.

"ఏదైనానా అమ్మా?" అని అడిగాడు ఆయన.

"ఏదైనా సరే! గీకి పడేయాలి" అన్నాను నేను, గాల్లో చేత్తో గీకి చూపిస్తూ.

కొన్ని నెలల తర్వాత, ఎండాకాలంలో సముద్రం మీద వేట ఆపే రోజుల్లో, బాబాయి బండి మళ్ళీ మా గేటులోకి వచ్చింది. పక్క సీట్లో పిన్నిగారు ఉన్నారు. "బండి వణుకుతుందమ్మా" అన్నాడు బాబాయి దిగుతూనే. నేను క్లిప్పు అట్ట తీసి, ఏ స్పీడులో వణుకుతుందని అడిగాను. ఫారంలో ఆ గడి ఉంది మరి.

"స్పీడు ఎవరు చూశారమ్మా? మీ పిన్ని గాజులు మోగుతాయి. అవి మోగినప్పుడు ముల్లు చూస్తే యాభై అయిదు."

"ఇదివరకు మోగేవి కాదమ్మా, ఈ మధ్యనే" అంటూ పిన్నిగారు చేయెత్తి రెండు డజన్ల మట్టిగాజులు నా ముఖం ముందు ఆడించారు. మా పెద్దమేస్త్రి, అంటే వర్క్‌షాపు మెకానిక్కులందరికీ పెద్ద, పక్కనుంచి వెళ్తూ "రేపల్లె రోడ్డు మీద వణక్కుండా వచ్చిన బండి ఏదన్నా ఉంటే చెప్పండి, దండేసి దణ్ణం పెడతా" అని వెళ్ళిపోయాడు.

బాబాయి మాత్రం నవ్వలేదు. "రోడ్డు వణుకు నాకు తెలవదా? ఇది వేరేనమ్మా. చెప్పులిప్పి కాలు కింద రేకు మీద పెట్టి చూశా. ఇంజిన్ కాదు. చక్రాలూ కాదు. మధ్యలో తిరిగేదేదో ఉందే, అది. బోటు అడుగున తిరిగే పంకాకి వల చుట్టుకుంటే కాలికి ఇట్టాగే తెలుస్తది" అన్నాడు. నేను పెద్దమనసుతో ఒక చిరునవ్వు నవ్వాను. మా ట్రైనింగు పుస్తకంలో స్టీరింగు వణికితే ముందు చక్రాలు చూడమని ఉంది. కాళ్ళ గురించి ఒక్క పేజీ లేదు.

బండిని లిఫ్టు మీద పైకెత్తగానే వర్క్‌షాపంతా ఒక్కసారి ఆగి చూసింది. అడుగంతా నీలం రంగు. మామూలు నీలం కాదు, బోట్లకి వేసే, కళ్ళు జిగేలుమనే నీలం. బురద చుక్క లేదు, తుప్పు మచ్చ లేదు. "బోటుకి వెయ్యగా మిగిలిందమ్మా. నువ్వు చెప్పావుగా" అన్నాడు బాబాయి కొంచెం సిగ్గుపడుతూ. ఇంకేముంది, నేను గాల్లో తేలిపోయాను. నా ప్రసంగం విని బాగుపడ్డ బండి! ఫోన్ తీసి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి మేనేజరుగారికి పంపించాను. (ఆ ఫొటోల్లో జరిగిన తప్పంతా స్పష్టంగా కనబడుతూనే ఉంది. చూసే కళ్ళే లేవు.)

అప్పుడు నాలుగు చక్రాలూ బ్యాలెన్సు చేయించాను. మర్నాడు గాజులు మోగాయి. రెండోసారి ఇంజిను కింద రబ్బర్లు మార్పించాను. గాజులు ఇంకొంచెం శ్రావ్యంగా మోగాయి. ఇలా కాదని, రోడ్డు బాగుంటుందని బాపట్ల వైపు హైవే ఎక్కి, ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని పరీక్ష చేశాం. బాబాయి స్టీరింగు దగ్గర, నేను కిటికీ పక్కన, మధ్యలో చేయి పైకెత్తి పిన్నిగారు. యాభై రెండు, యాభై మూడు, యాభై నాలుగు. యాభై అయిదు దగ్గర గాజులు గలగలమన్నాయి. "ఇదుగో!" అన్నారు పిన్నిగారు గెలిచినట్టుగా. వణుకును దేంతో కొలిచారు అన్న గడిలో నేను నిజాయితీగా 'గాజులు' అని రాశాను. మేనేజరుగారు దాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేశారు.

మూడోసారి వచ్చేసరికి బాబాయి ముఖంలో నవ్వు లేదు. ఇంకో పది రోజుల్లో బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్తాయి. "మొదటి రోజు చేపల వేలంపాట దగ్గర బండి నిలబడాలమ్మా. నిలబడకపోతే వ్యాపారస్తులు ఇంకోడితో మాట్లాడుకుంటారు. ఒకసారి మాట్లాడుకున్నాక ఏడాదంతా వాడిదే. నా బండి ఇంటి ముందు నిలబెట్టుకుని చూసుకోవడమే" అన్నాడు. నా బాధ నాకూ ఉంది. ఇలా తేలని వారంటీ కేసులు చూడటానికి విజయవాడ నుంచి కంపెనీ సారు వస్తున్నారు, నా ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో రాసే కాగితం కూడా ఆయన సంచీలోనే ఉంది.

కంపెనీ సారు తక్కువ మాట్లాడే మనిషి. ఫారాలన్నీ చదివి, ఎర్ర ఇంకు కింద 'గాజులు' అన్న మాట దగ్గర కాసేపు ఆగి, "షాఫ్టు విప్పండి" అన్నారు. ఇంజిను నుంచి వెనక చక్రాలకి తిరుగుడు అందించే పొడవాటి ఇనప గొట్టం అది. దాని చోట షోరూములోని ఇంకో బండి షాఫ్టు బిగించి, పిన్నిగారిని కూర్చోబెట్టుకుని తిప్పుకొచ్చారు. గాజులు మోగలేదు. అంటే బాబాయి కాలు మొదటి రోజు చెప్పిందే నిజం. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

సారు రెండు షాఫ్టుల్నీ పక్కపక్కన పెట్టించారు. కొత్తదాని మీద అక్కడక్కడా వేలి గోరంత రేకు ముక్కలు మూడు అతికించి ఉన్నాయి. బాబాయిదాని మీద నీలం రంగు తప్ప ఏమీ లేదు. "గొట్టం తిరిగేటప్పుడు బరువు అన్ని వైపులా సమానంగా ఉండాలి. తక్కువైన చోట కంపెనీలోనే ఈ ముక్కలు అతికిస్తారు. దీనికి మర్చిపోయినట్టున్నారు. తప్పు మాదే, వారంటీలో కొత్తది వేసేయండి" అంటూ పెన్ను తీశారు. పెద్దమేస్త్రి ఊపిరి వదిలాడు. పిన్నిగారు రెండు చేతులూ జోడించారు. నేను ఎగిరి గంతేయకుండా క్లిప్పు అట్టని గుండెలకి హత్తుకున్నాను.

"వాళ్ళేం మర్చిపోలేదు బాబూ" అన్నాడు సరంగు బాబాయి.

అందరం ఆయన వైపు తిరిగాం. బాబాయి క్యాబిన్‌లోకి చేయి పెట్టి ఒక పాత ముక్కుపొడి డబ్బా తీసి, మూత విప్పి, అరచేతిలో బోర్లించాడు. రెండు రేకు ముక్కలు పడ్డాయి. "ఇంకోటి ఉండాలండి. బరువు బాగుందని వలకి కట్టుకున్నా. చెయ్యని తప్పు వాళ్ళ మీదెందుకు? నేనే పీకాను."

"ఎందుకు పీకారు?" అన్నారు సారు, పెన్ను గాల్లోనే ఉంచి.

"వేట ఆపిన రోజుల్లో బోటుని ఒడ్డుకి లాగి, అడుక్కి పట్టిన గుల్లలన్నీ గీకేసి రంగేస్తామండి. గుల్ల ఒక్కటి ఉన్నా బోటు సరిగ్గా నడవదు. బండికీ అట్టాగే చేశా. అన్నీ వచ్చినయ్యి గానీ ఈ మూడు గుల్లలు మాత్రం ఎంతకీ రాలేదు. ఉలి పెట్టి కొట్టాల్సొచ్చింది."

"బండికి అలా చేయమని ఎవరైనా చెప్పారా?"

బాబాయి నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. 'ఏదైనా సరే! గీకి పడేయాలి' అని గాల్లో గీకిన నా చెయ్యి నాకు గుర్తొచ్చింది. ఆయనకీ గుర్తొచ్చిందని నాకు తెలిసిపోయింది. "ఎవరు చెప్తారండి? మా అలవాటు" అన్నాడు.

అయితే వారంటీ వర్తించదని సారు పెన్నుకి మూత పెట్టేశారు. బాబాయి తలూపాడు. పిన్నిగారు గాజులు పైకి తోసుకున్నారు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఎంతోసేపు కాదు, ఆయన చెప్పులు తొడుక్కుని గేటు వైపు నాలుగడుగులు వేసేంతసేపు. ఆ నాలుగడుగుల సేపు నేను ఉద్యోగం గురించే ఆలోచించాను. మా అమ్మ స్త్రీల సమాజంలో ఏం చెప్పుకుంటుందా అని ఆలోచించాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. అయిదో అడుగు దగ్గర నా గొంతు నాకే వినిపించింది. "సార్, గీకమని చెప్పింది నేనే."

"ఏమని చెప్పావు? చెప్పినట్టే చెప్పు" అన్నారు సారు.

అలా, నా జీవితంలో అందరూ ఊపిరి బిగబట్టి విన్న ఒకే ఒక్క డెలివరీ ప్రసంగం చేశాను. 'ఏదైనా సరే' దగ్గరికొచ్చేసరికి పెద్దమేస్త్రి పనేదో ఉన్నట్టు పక్క బండి కిందకి దూరిపోయాడు. అలవాటు ప్రాణానికి చేటన్నట్టు, చేత్తో గీకి కూడా చూపించాను. సారు గిరుక్కున తిరిగి మంచినీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు. భుజాలు అదురుతున్నాయి. నా ఉద్యోగం ఆ కోపంలో కొట్టుకుపోయిందనుకున్నాను. (అది కోపం కాదనీ, నవ్వాపుకోలేకపోయారనీ పెద్దమేస్త్రి నాకు చాలా రోజుల తర్వాత చెప్పాడు. బండి కింద నుంచి ఆయనకి సారు ముఖం కనబడిందట.)

తిరిగొచ్చి తీర్పు చెప్పారు. కంపెనీ వారంటీ రాదు. కానీ మన మనిషి చెప్పిన మాట తూచా తప్పకుండా పాటించినందుకు ఆయన నష్టపోకూడదు కాబట్టి, కొత్త షాఫ్టు షోరూమే వేయాలి. మేనేజరుగారు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. నా ఆరు నెలల పరీక్ష తొమ్మిది నెలలైంది. అమ్మకి ఆ మాట చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. అంతా విని, "చెప్పేశావు కదా, చాల్లే" అంది అమ్మ.

బోట్లు సముద్రంలోకి వెళ్ళడానికి రెండు రోజుల ముందు షాఫ్టు బిగించి మళ్ళీ బాపట్ల హైవే ఎక్కాం. యాభై అయిదు, చప్పుడు లేదు. అరవై, లేదు. డెబ్భై దగ్గర పిన్నిగారు ఎత్తిన చెయ్యి దించి, "ఇక చాలు, మెల్లిగా పోనివ్వండి. గాజులు ఊరుకున్నా నా గుండె మోగుతుంది" అన్నారు. నవ్వాను, ఎందుకో కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

మొదటి వేలంపాట అయిన రోజు మధ్యాహ్నం బాబాయి రొయ్యలు పట్టుకుని షోరూముకొచ్చాడు. వాటితోపాటు రేకు ముక్క ఒకటి, వలకి కట్టింది, విప్పి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదని అడిగాను. "నాకైతే బోటుందమ్మా. నీకు ఇదేగా ఉంది. అయినా నువ్వు చెప్పేది ఒక్కరూ వినట్లేదు, విన్నోణ్ణి నేనొక్కణ్ణే. నేనే నిన్ను ఇరికించనా?" అన్నాడు. ఆ రేకు ముక్కని నా తాళాల గుత్తికి తగిలించుకున్నాను.

ఇప్పుడు అదే షోరూములో కొత్తగా చేరేవాళ్ళకి పాఠాలు చెప్పేది నేనే. వణుకుతోందని ఏ బండి వచ్చినా ముందు చెప్పులిప్పి కాలు రేకు మీద పెడతాను. కుర్రకారు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు, నవ్వుకోనిస్తాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి, క్లిప్పు అట్ట గుండెలకి హత్తుకుని, డెలివరీ కాగితం బట్టీ పడుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. 'షాఫ్టు మీద అతికించిన రేకు ముక్కలను గీకరాదు' అని ఉంటుంది అందులో.

"ఇదేంటి మేడమ్, వీటిని ఎవరైనా గీకుతారా?" అని కిసుక్కున నవ్వింది.

"గీకరమ్మా, మనం గీకమంటే తప్ప" అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. తాళాల గుత్తికి వేలాడే రేకు ముక్కని బొటనవేలితో ఒకసారి తడిమి, "ఆ ఇంజిన్ ఆయిల్ దగ్గర్నుంచి మొదలుపెట్టు, వింటాను" అన్నాను. చేతులు కట్టుకుని ఆసాంతం విన్నాను.