పనున్నవాళ్లకే పని

దూరదేశంలో నది ఒడ్డునున్న పైసాందూ అనే ఊళ్లో సుల్మా తెచేరా చేతి రుచి తెలియని నాలుక లేదు. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియదు. పిండి కలిపేవాళ్లు వెనక గదిలో ఉంటారు కదా. పందొమ్మిదేళ్లు ఒకే బేకరీలో వెన్న పూసిన పిండి పొరలు మడిచింది. ముసలి యజమాని పోయాడు, కొడుకులు కొట్టు అమ్మేశారు, అక్కడిప్పుడు మందుల షాపు. సుల్మా పని పోయి పదకొండు నెలలైంది. నలభై తొమ్మిదేళ్ల మనిషి, చేసిన పని వివరాలు రాసి మడత పెట్టిన కాగితం సంచిలో వేసుకుని ఊళ్లో ఉన్న పొయ్యిలన్నీ తిరిగింది.

పెద్ద బేకరీ దోన్ అన్సెల్మోది. అక్కడ గౌరవంగా మగవాళ్లని దోన్ అనీ, ఆడవాళ్లని దోన్యా అనీ పిలుస్తారు. ఆయన కాగితం చూడకుండానే అడిగాడు.

“ఇప్పుడెక్కడ చేస్తున్నారు?”

“ఎక్కడా లేదండీ.”

“ఎన్నాళ్ల బట్టి?”

“పదకొండు నెలలు.”

“చూడండి దోన్యా, మీ మీద నాకేం లేదు. మంచి చెయ్యిని ఎవరూ వదులుకోరు. పదకొండు నెలలు ఎవరూ పట్టుకోలేదంటే...” మిగతాది ఆమెకే వదిలేసి గల్లా దగ్గరికి వెళ్లిపోయాడు.

వీధి చివర పింటోస్ బేకరీలో అదే మాట, కాకపోతే కుర్చీ వేసి చెప్పారు.

పక్కింటి లీబెర్ ఒకప్పుడు నదిలో పడవలు నడిపినవాడు. ఇప్పుడు చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే అనే ఆకు కషాయం బుర్ర, రోజంతా గుటకలు. సంగతంతా విని, “పెళ్లైనవాడికే పిల్లనిస్తామన్నట్టుందే అమ్మాయ్” అన్నాడు.

“నవ్వకు బాబాయ్.”

“నవ్వక ఏం చెయ్యను? నేను ఖాళీగా ఉంటే పింఛను, నువ్వు ఖాళీగా ఉంటే తప్పు.”

ఈ జబ్బు పైసాందూది మాత్రమే కాదు. ఏ రేవులో దిగినా, ఏ సంతలో తిరిగినా మనిషి తీరు ఇంతే. కిక్కిరిసిన పూటకూటింటి ముందు గంటసేపు నిలబడతాడు, పక్కనే ఖాళీగా ఉన్నదాన్ని అనుమానంగా చూసి పోతాడు. రెంటిలోనూ వండేది ఒక తల్లి బిడ్డలే కావచ్చు. నలుగురు కోరినదాన్నే కోరడం మనకు బుద్ధిలా కనిపిస్తుంది. సరే, కథలోకి వద్దాం.

ఆగస్టులో వాన పట్టుకుంది. వాన పడితే ఆ దేశంలో ఇంటింటా తోర్తా ఫ్రీతాలు వేగాల్సిందే. పిండిని పూరీలా వత్తి, నడుమ వేలితో చిల్లు పొడిచి, ఆవు కొవ్వులో వేయిస్తారు. వెనకటి పశువుల కాపరులు పిండిని వాననీళ్లతోనే తడిపేవారట. ఎండ కాసే రోజున ఎవరైనా వాటిని అడిగితే, వీడికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు.

“మూకుడు తీసుకురా” అన్నాడు లీబెర్. “బస్టాపు రేకు కింద పొయ్యి పెడదాం. పనివాళ్లంతా అక్కడే తడుస్తుంటారు.”

ఆ బస్టాపు సరిగ్గా అన్సెల్మో బేకరీకి ఎదురుగా ఉంది. మొదటిరోజు బస్సెక్కేవాళ్లు కొన్నారు. రెండోరోజు బస్సు వదిలేసుకుని మరీ కొన్నారు. మూడోరోజు అన్సెల్మో కొట్లోంచి బయటికొచ్చినవాళ్లు వచ్చి వరసలో నిలబడ్డారు. ఆయన అమ్మే తోర్తాలు చెప్పు అట్టల్లా ఉంటాయని అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

నాలుగోరోజు పొద్దున అన్సెల్మో గొడుగు వేసుకుని రోడ్డు దాటాడు. ఒకటి తిన్నాడు. ఇంకొకటీ తిన్నాడు.

“ఎవరి తరఫున పెట్టారిది?”

“ఎవరి తరఫునా కాదు.”

“మరి ఎక్కడ చేస్తున్నట్టు?”

“ఎక్కడా లేనని పోయిన నెలే మీతో చెప్పాను కదా, దోన్ అన్సెల్మో.”

“అప్పటి మాట వేరు. పింటోస్ పెట్టించాడు కదూ, నా గుమ్మం ముందు?”

“పింటోస్ నా కాగితం విప్పి చూడలేదు.”

“చెప్పొద్దులెండి. మాటిచ్చి ఉంటారు. ఇంటి గుట్టు బయటపెట్టని మనిషే నాకు కావాలి.”

లీబెర్‌కు పొలమారింది. సుల్మా తోర్తా తిరగేస్తూ తలెత్తి చూసింది. నదికి ఆవల మబ్బు చిరిగి, నీలం చార ఒకటి కనిపిస్తోంది. ఎండ వస్తే వరస ఉండదు. వరస లేకపోతే ఆమె మళ్లీ పదకొండు నెలల మనిషి.

“ఆలోచించి ఆదివారం చెబుతాను” అన్నాడు అన్సెల్మో.

“ఇప్పుడే చెప్పండి. కొవ్వు కాగుతోంది, జనం చూస్తున్నారు. ఆదివారానికి నేనెలా ఉంటానో నాకే తెలీదు.”

ఇంకెవరో పిలిచారని ఆయనకు ఖాయమైపోయింది. “సరే, సరే. సోమవారం ఒప్పంద కాగితం మీద సంతకం చేద్దాం.”

“ఇవాళ చేద్దాం. రేపు పొద్దున పిండి దగ్గరుంటాను.”

“అంత త్వరగానా? వాళ్లు వదులుతారా?”

“వదిలేస్తారనే నా భయం.”

అన్సెల్మో పడీ పడీ నవ్వి, కాగితం కోసం రోడ్డు దాటాడు. సంతకం తడి ఆరేలోపు వాన ఆగింది. వరస చెదిరిపోయింది. సుల్మా బెంచీ మీద కూలబడితే లీబెర్ మాతే బుర్ర చేతికిచ్చాడు.

ఆ తర్వాత అన్సెల్మో ఊళ్లో ఎక్కడ నలుగురు కనబడినా, “ఎక్కడి నుంచి లాక్కొచ్చానో అడక్కండి” అని మీసం దువ్వేవాడు. మూడు వారాలు తిరక్కుండా పింటోస్ అన్సెల్మో బేకరీ వెనక గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

“దోన్యా సుల్మా, మా దగ్గరికి వచ్చెయ్యండి. మీలాంటి చెయ్యి ఈ ఊళ్లో లేదు.”

“నాకిక్కడ బాగానే ఉంది.” పిండిలోంచి చేతులు తియ్యలేదామె. “ఎలీదా అని ఒకావిడ ఉంది. పాత కొట్టులో నా పక్క బల్ల. పొరలు నాకంటే బాగా మడుస్తుంది.”

“ఎక్కడ చేస్తోంది?”

సుల్మా పిండిని ఇంకో మడత వేసింది. ఎలీదా ఏడాదిగా ఇంట్లోనే కూర్చుని ఉంది.

“అది మాత్రం నన్నడగొద్దు.”

పింటోస్ కళ్లు మెరిశాయి. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, జేబులోంచి కలం తీశాడు.

“ఇల్లెక్కడో చెప్పండి, చాలు.”