కళ్లు మూసుకుంటే ఫెయిల్

ఈ రోజు నేను నిద్రపోయానని ఒక కెమెరా తేల్చేసింది.

బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తూ, ఫోన్‌లో వీడియోలు చూసి కోడింగ్ నేర్చుకున్నాను. ఉద్యోగం వస్తే నైట్ డ్యూటీలు తప్పుతాయని, డ్యూటీ దిగి నేరుగా హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి వెళ్లాను. కోడ్ గురించి ఒక్కరూ అడగలేదు. ముందు కంప్యూటర్ మీద జ్ఞాపకశక్తి పరీక్షట, రాసేవాళ్లను కెమెరా చూస్తుంటుందట. తెర మీద గళ్లు ఒక్కొక్కటే వెలిగి ఆరిపోతాయి, వాటిని ఉల్టా వరుసలో నొక్కాలి. నాకు కళ్లు మూసుకుంటేనే వరుస కనిపిస్తుంది. మూసుకున్నాను. తెరిచేసరికి పరీక్ష ఆగిపోయి ఉంది.

హెచ్ఆర్ మేడం వచ్చింది. "మీరు నిద్రపోయారని సిస్టమ్ చూపిస్తోందండి."

"నిద్ర ఏంది మేడం! గళ్లు యాద్ చేసుకుంటున్న. ఇప్పుడడుగుండ్రి, చెప్త."

"నాకు చెప్తే ఏం లాభమండి? సిస్టమ్ తీసుకోదు."

ఒళ్లు మండింది. అరిచే ఓపిక మాత్రం లేదు.

తిరుగు బస్సులో నిజంగానే నిద్రపోయాను. బాలానగర్ దాటాక కండక్టర్ భుజం తట్టాడు. "దిగుతవా తమ్మీ, డిపోలనే పండుకుంటవా?"

ఆయన కనీసం లేపి అడిగాడు.

మీరే చెప్పండి, ఏదైనా గుర్తు చేసుకోవాలంటే మీరు కళ్లు తెరిచే ఉంచుతారా?